నాలిక కింద బిళ్ళ

“పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అందా లేదా ఆ డాక్టరమ్మ? సహరీకి ఒకటి మింగుతా, ఇఫ్తార్‌కి ఒకటి మింగుతా. సరిపోయిందిగా! ఇంక నీ గోలేంటి?”

“మరి మధ్యాహ్నం బిళ్ళ?”

“అది చిన్నదేగా.”

“పరుపు మధ్యలో వేసే కుట్టూ చిన్నదే. అది మానేస్తే దూదంతా ఒక మూలకి చేరదూ? పొద్దున లేస్తే మీరు చేసే పనే కదా, తెలీదూ?”

తెల్లవారకముందు సహరీ వేళ మొదలైన వాదన ఇది. మధ్యాహ్నం జొహర్ నమాజు టైముకి కాస్త చల్లారినట్టే చల్లారి, సాయంత్రం అసర్ అయ్యేసరికి మళ్ళీ రాజుకుంది. అబ్దుల్ రవూఫ్ మంచం మీద రెండు దిళ్ళకి ఆనుకుని కూర్చున్నాడు. శనివారం వచ్చే ఇరవై ఏడో రోజా ఉండి తీరతానని ఆయన పంతం. ఎలా ఉంటారో చూస్తానని ఆమినాబీ పంతం. ఆవిడ నేలమీద కత్తిపీట ముందేసుకుని పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతోంది. కోడలు ముబీనా పొయ్యి దగ్గర గంజి అడుగంటకుండా తిప్పుతోంది.

మూడు వారాల కిందట ఇదే మంచం మీద, ఇంచుమించు ఇదే వేళకి, రవూఫ్ ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. ఆయనకి గుండె నొప్పి ఉందని కిందటేడే తెలుసు. నొప్పొస్తే నాలిక కింద పెట్టుకోమని ఇచ్చిన బిళ్ళలు ఆమినాబీ పోపుల డబ్బాలోనే దాచిపెట్టేది, చేతికి అందుబాటులో ఉంటాయని. ఆ రోజు తన చేత్తోనే ఒక బిళ్ళ ఆయన నాలిక కింద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా ఆటో కోసం సందు చివరికి పరిగెత్తింది. ఆటోతో తిరిగొచ్చేసరికి పెద్దకొడుకు అష్ఫాక్ గుమ్మంలో ఎదురొచ్చి, “బిళ్ళ పనిచెయ్యలేదమ్మా, ముందు సూది వేయిద్దాం” అన్నాడు. ఆటో బసవపున్నయ్య దగ్గరికి తిరిగింది. వన్ టౌన్‌లో ఆ నాలుగు సందులకీ ఆయనే డాక్టరు. సూది వెయ్యకపోతే ఆయన్ని ఎవరూ డాక్టరనుకోరు. తుంటి మీద నొప్పి సూది పొడిచాడు. నొప్పి తగ్గలేదు సరికదా ఒళ్ళంతా చెమటలు పట్టాయి. అప్పుడు పెద్దాసుపత్రికి బయల్దేరారు.

అక్కడ గుండెలో రక్తం గడ్డని కరిగించే మందు చేతి నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. సగం ఎక్కిందో లేదో, సూది పొడిచిన తుంటి నల్లగా కమిలి గుమ్మడికాయంత ఉబ్బింది. మందు మధ్యలోనే ఆపేశారు. రవూఫ్ బతికాడు. గుండె మాత్రం సగమే బతికింది.

“మందొక్కటే కాదమ్మా, అది వెళ్ళే దారి కూడా ముఖ్యం,” అంది డాక్టర్ సుధామణి, ఇంటికి పంపించే రోజున. ఆవిడది దివిసీమ. మాటకి ముందు పొలం గట్టు గుర్తొస్తుంది ఆవిడకి. “నరంలోకి ఎక్కించింది కాలవలోకి వదిలిన నీళ్ళలాంటిది, నేరుగా చేలోకి పోతుంది. కండలో పొడిచింది గట్టు మీద కుమ్మరించినట్టు. ఇంకి ఇంకి ఎప్పటికో చేరుతుంది. గుండె నీరసపడి రక్తం సరిగ్గా తిరగనప్పుడు అదీ చేరదు. నాలిక కింద పెట్టుకునే బిళ్ళ దగ్గరి దారి. కడుపుతో పని లేదు, రెండు మూడు నిమిషాల్లో రక్తంలో కలుస్తుంది. అదే గుటుక్కున మింగితే సగం పైన లివరే తినేస్తుంది. ఆ బిళ్ళతో గడ్డ కరగదు, కానీ నొప్పి నెమ్మదిస్తుంది, ఇక్కడికి రావడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. ఇంకొక్క మాట. గడ్డ కరిగించే మందుకి గుండెలో గడ్డేదో, తుంటిలో సూది పోటేదో తేడా తెలీదు. రెండుచోట్లా రక్తాన్ని కట్టనివ్వదు. ఇంకెప్పుడూ గుండె నొప్పికి తుంటి మీద సూది వేయించకండి.”

ఆ మాటలు ఆమినాబీకి కలమాలా కంఠతా వచ్చేశాయి. ఒక్కటే కొరుకుడు పడలేదు. దగ్గరి దారిలోనే కదా నేను పంపించాను, మరి ఎందుకు పనిచెయ్యలేదు? పలకరింపుకి వచ్చిన చుట్టాలు కూడా అదే ముక్క తిప్పి తిప్పి అన్నారు. “కంగారులో ఏ బిళ్ళ పెట్టిందో ఏమో! ఆడమనిషి, అక్షరమ్ముక్క రాదు.” ఆమినాబీ నిజంగానే ఏ బిళ్ళ పెట్టానో అని రోజుకి నాలుగుసార్లు పోపుల డబ్బా తీసి చూసుకుంటూ వచ్చింది.

ఇంటి ముందున్న పరుపుల కొట్లోంచి అష్ఫాక్ లోపలికొచ్చాడు. గడ్డం మీదా కనుబొమల మీదా దూది పింజలు. కిందటి నెలలోనే మసీదు కమిటీలో తీసుకున్నారతన్ని. అప్పట్నించీ నడకలో కాస్త నిదానం, మాటలో కాస్త బరువు వచ్చాయి.

“బేరం మీద మనుషులున్నారు. మీ ఇద్దరి అరుపులూ వీధిలోకి వినపడుతున్నాయి. ఏంటమ్మా?”

“మీ నాన్న రోజా ఉంటాట్ట.”

“ఉండనీ. ఇరవై ఏడోది కదా, అన్నిట్లోకీ పెద్దది. ఎన్నడూ తప్పని మనిషి. ఈసారి ఇన్ని పోయాయని లోపల కుమిలిపోతున్నాడు. ఒక్కటి ఉంటే మనసు కుదుటపడుతుంది.”

“మనసు కుదుటపడేలోపు గుండె ఆగితేనో? పగలు నొప్పొస్తే నాలిక కింద బిళ్ళ పెట్టనిస్తాడా?”

“నొప్పొస్తే సూది వేయిద్దాం. సూదికి రోజా పోదు.”

కత్తిపీట మీద ఆమినాబీ చెయ్యి ఆగిపోయింది.

“మళ్ళీ చెప్పు?”

“అదేనమ్మా, సూదైతే...”

“సూదా! ఇంకా సూదేనా నీ నోట్లో! మీ నాన్న తుంటి చూశావా? ఇప్పటికీ ఆ పక్కకి తిరిగి పడుకోలేడు. డాక్టరమ్మ అన్నీ చెబుతుంటే నువ్వక్కడే ఉన్నావుగా? చెవుల్లో కూడా దూది పెట్టుకుని నించున్నావా?”

“అరవకు. నువ్వు పెట్టిన బిళ్ళ మాత్రం ఏం ఊడబొడిచింది? అది పనిచేసుంటే సూదిదాకా వెళ్ళేవాళ్ళమా?”

మూడు వారాల నుంచీ చుట్టాలు గుసగుసలాడినది మొదటిసారి కొడుకే ఆవిడ మొహాన అన్నాడు. ఆమినాబీ పోపుల డబ్బా వైపు చూసింది. అలవాటైపోయింది అలా చూడడం.

“అది లోపలికి పోలేదత్తయ్యా.”

ముబీనా వెనక్కి తిరగలేదు. గంజి గిన్నెలోకే చూస్తూ అంది. ఆ మాట అని, మళ్ళీ గరిటె తిప్పసాగింది.

“ఏం పోలేదూ?”

“మీరు పెట్టిన బిళ్ళ. మీరు ఆటో కోసం గుమ్మం దాటగానే ఊయించేశారు.”

“ముబీనా!” అన్నాడు అష్ఫాక్.

“ఎవరు?” అంది ఆమినాబీ.

కోడలు చెప్పక్కర్లేకపోయింది. గదిలో ఉన్న నలుగురిలో ఒక్కడి మొహమే పాలిపోయింది.

ఆమినాబీ లేచింది. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకు లేచే మనిషి, ఏమీ పట్టుకోకుండా లేచింది. చేతుల నిండా ఉల్లిపాయ వాసన.

“ఎలా ఊయించావురా?”

“అమ్మా, ఆ సంగతి ఇప్పుడు...”

“ఎలా ఊయించావని అడుగుతున్నా.”

అష్ఫాక్ తలొంచుకున్నాడు. ముబీనాయే చెప్పింది. ఈసారి గరిటె పక్కన పెట్టి, అత్తగారి వైపు తిరిగి చెప్పింది.

“మావయ్య గడ్డం కింద చెయ్యి పెట్టారు. చిన్నపిల్లలు రాయి నోట్లో పెట్టుకుంటే పెడతామే, అలాగ. ‘అజాన్‌కి ఇంకా కాసేపే నాన్నా, ఇంతలోకి రోజా పాడు చేసుకుంటావా, ఊసెయ్’ అన్నారు. మావయ్య ఊశారు. బిళ్ళ ఇంకా అంచులైనా కరగలేదు, తెల్లగా అలాగే ఉంది. పెరట్లో తూములో పారేసి చెయ్యి కడుక్కున్నారు.”

“నువ్వు చూశావు.”

“చూశాను.”

“చూసి ఇన్నాళ్ళు నోరు కుట్టేసుకున్నావు! ఆ వచ్చినవాళ్ళంతా నా మీద దుమ్మెత్తి పోస్తుంటే టీలు పెట్టి అందించావు!”

ముబీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చూపు దించలేదు. “మొగుడి మీద చాడీలు చెప్పిందంటారని భయపడ్డానత్తయ్యా. ఇప్పుడాయన మళ్ళీ ఆ సూది మాటే అంటుంటే, ఇంకా ఊరుకుంటే ఆ పాపం నాదే అవుతుందనిపించింది.”

ఆమినాబీకి కోడల్ని తిట్టడానికి ఇంకేమీ దొరకలేదు. కోపం మాత్రం ఎక్కడా దిగలేదు. పొంగిన పాలలా అంచుల మీదుగా వచ్చేస్తోంది. మంచం వైపు తిరిగింది.

“మీరేమంటారు? మీ నోట్లోదే కదా ఆ బిళ్ళ. మీరూ మూడు వారాలు మాట్లాడలేదు. నేను ఆ డబ్బా తీసి తీసి చూసుకుంటుంటే మంచం మీంచి చూస్తూ పడుకున్నారు!”

రవూఫ్ దుప్పటి అంచు వేళ్ళకి చుట్టుకుంటున్నాడు. “వాణ్ణేమీ అనకు. నేనే ఊశాను. వాడు చెయ్యి పట్టాడంతే.”

“నేను పెడితే నోరు తెరిచారు. వాడు చెయ్యి పడితే ఊశారు. ముప్పై రెండేళ్ళు కాపురం చేసినదాని చెయ్యికన్నా వాడి చెయ్యి ఎక్కువైందా?”

“అది కాదే. ఇంటిల్లిపాదీ ఎండిపోయిన నోళ్ళతో ఉన్నారు. నేనొక్కణ్ణీ నోట్లో బిళ్ళ చప్పరిస్తూ... పైగా ఇంకాసేపట్లో అజాన్. సిగ్గేసింది.”

“చావడానికి సిగ్గెయ్యలేదా?”

ఆయన మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు. కమిలిన తుంటి మీద బరువు పడి మూలిగాడు. అసంకల్పితంగా ఆమినాబీ చెయ్యి ఆయన నడుము కిందకి దిండు సర్దింది. సర్దుతూనే తిట్టింది. “అటు తిరక్కండి! నొప్పని తెలుసుగా!”

అష్ఫాక్‌కి కాస్త ధైర్యం వచ్చినట్టుంది. గొంతు సవరించుకున్నాడు. “నేనేం సొంతంగా చెయ్యలేదమ్మా. హజ్రత్ చెప్పారు. నోట్లోంచి పోయే మందుకి రోజా పోతుంది, సూదికి పోదు అన్నారు. అంత పెద్దాయన చెప్పాక కాదనడానికి నేనెవర్ని?”

హజ్రత్ పేరు వినగానే గదిలో గాలి మారిపోయింది. సందు మసీదులో పదిహేనేళ్ళుగా నమాజు చేయిస్తున్న మనిషాయన. రవూఫ్ ఆసుపత్రిలో ఉండగా దువా చేయించాడు. ఆయన మాటంటే రవూఫ్‌కి రాతి మీద గీత. ఆమినాబీకీ అంతే. ఆయన నిజంగా అలా చెప్పుంటే ఇంక తను ఎవరి మీద కోపం పెట్టుకోవాలి?

అప్పుడే పెరటి వైపు తలుపు దగ్గర గాజుల చప్పుడైంది.

“ఆమినక్కా! గుగ్గిళ్ళు తెచ్చా. గిన్నె ఖాళీ చేసి ఇచ్చెయ్, మళ్ళీ పొయ్యి మీద నూనె పెట్టి వచ్చా.” పక్కింటి ఖైరూన్‌బీ. రంజాన్ నెలంతా ఈ ఇంటి గిన్నె ఆ ఇంటికీ, ఆ ఇంటి గిన్నె ఈ ఇంటికీ తిరుగుతూనే ఉంటుంది. ఆవిడ లోపలికి అడుగుపెట్టి అష్ఫాక్‌ని చూడగానే మొహం చేటంత చేసుకుంది. “నువ్వూ ఉన్నావా నాయనా! నీ మాట మా ఆయనకి భలే పట్టింది. బిళ్ళలన్నీ మూటగట్టి అటక మీద పడేశాడు. పండగ దాకా ముట్టనంటున్నాడు. ‘నొప్పొస్తే సూది పొడిపించండి, హజ్రత్ అదే చెప్పాట్ట, అష్ఫాక్ చెప్పాడు’ అని ఒకటే జపం. కొట్టు దగ్గర అందరికీ చెబుతున్నావంటగా? నాకు మాత్రం గుండెలు దడదడలాడుతున్నాయి నాయనా. పోయినేడు ఆయనకీ నొప్పొచ్చింది కదా.”

ఖైరూన్‌బీ ఒక్కొక్కరి మొహమూ చూసింది.

“ఏంటి, ఏమైనా అనరాని మాట అన్నానా?”

“లేదులే,” అంది ఆమినాబీ. గొంతు తనకే కొత్తగా వినపడింది. “హజ్రత్ ఎప్పుడు చెప్పార్రా నీకు?”

“ఎప్పుడంటే... రంజాన్ మొదట్లో.”

“ఏ రోజు?”

“రోజు గుర్తుంటుందా అమ్మా? నాన్నకి నొప్పి రావడానికి ముందే. రెండో రోజాకో, మూడో రోజాకో. రాత్రి తరావీ నమాజు అయ్యాక అడిగా.”

ఖైరూన్‌బీ గిన్నె చేతులు మార్చుకుంది. “అప్పుడు హజ్రత్ ఊళ్ళో ఎక్కడున్నారు? వాళ్ళమ్మ పోయిందని బందరెళ్ళారుగా! నెలవంక కనపడ్డ రోజే వెళ్ళి, వారం దాటాక వచ్చారు. ఆ చిన్న హాఫిజ్ నించుని తరావీ చదివించాడు. కుర్రాడు మరీ గబగబా చదివేస్తున్నాడని మా ఆయన రోజూ ఇంటికొచ్చి సణుగుడే సణుగుడు.”

పొయ్యి మీద గంజి ఒక్కసారి బుడగలెత్తింది. ముబీనా గబుక్కున మంట తగ్గించింది. మంచం మీద రవూఫ్ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు, నొప్పిని కూడా లెక్కచెయ్యకుండా. కొడుకు వైపు చూశాడు. హజ్రత్ మాటని నమ్మి సగం గుండె పోగొట్టుకున్న మనిషి చూసే చూపు అది. అష్ఫాక్ ఆ చూపుకి అడ్డంగా చెయ్యి పెట్టుకున్నట్టు నుదురు రుద్దుకున్నాడు.

ఆమినాబీ ఖైరూన్ చేతిలో గిన్నె తీసుకుని గుగ్గిళ్ళు వంపి, నాలుగు ఖర్జూరాలు పెట్టి తిరిగిచ్చింది. “ఖైరూన్, నువ్వెళ్ళి ముందా మూట అటక మీంచి దింపు. మీ మస్తాన్‌గారి జేబులో ఒక బిళ్ళ పెట్టు. వద్దంటే నేనొచ్చి పెడతానని చెప్పు.”

ఏదో జరిగిందని ఖైరూన్‌కి అర్థమైంది. ఏమిటని అడగకుండా వెళ్ళిపోయింది. అది ఆవిడకి ఎంత కష్టమో ఆమినాబీకి తెలుసు.

తలుపు దగ్గరికి వేసి వచ్చింది. అష్ఫాక్ గొంతు బాగా తగ్గిపోయింది.

“ఎవరో కొట్టు దగ్గర అన్నారమ్మా. నిజమే అయ్యుంటుందనుకున్నా. ఊరికే నేనంటున్నానంటే నాన్న వినడని అంతకుముందే హజ్రత్ పేరు చెప్పి ఉంచా. నాన్న రోజా పోకూడదనే తప్ప నాకింకేముంది?”

“ఆ రోజు సరే. కంగారులో చేశావనుకుంటా. ఆ తర్వాత? మీ నాన్న ఆసుపత్రిలో ముక్కుకి గొట్టాలతో పడుంటే, కొట్లో కూర్చుని అదే మాట ఊరందరికీ ఎందుకు చెప్పావు?”

“అందరూ అడిగారు, ఎందుకు సూది వేయించావని. ఏదో ఒకటి చెప్పాలి కదా!”

“ఏదో ఒకటి!” ఆమినాబీ చెయ్యెత్తింది. కొట్టలేదు. ముప్పై ఏళ్ళ కొడుకుని, కమిటీ మెంబరుని, గడ్డంలో దూది పింజలు ఇంకా వేలాడుతున్నవాణ్ణి ఏం కొడుతుంది? ఎత్తిన చెయ్యి దించి కొంగుతో తుడుచుకుంది. “నీ తప్పు కప్పుకోడానికి ఆ పెద్దాయన పేరు దుప్పటి చేసుకున్నావు. ఆ దుప్పటి కింద ఇవాళ మస్తాన్‌గారు కూడా దూరారు. రేపింకెవరు?”

“రేపు హజ్రత్‌ని ఇంటికి పిలుస్తా. గుట్టుగా మాట్లాడుకుందాం. నేనే ఒప్పుకుంటా, సరేనా? బయటికి పొక్కితే కమిటీలో నా మొహం...”

“నీ మొహం!” అంది ఆమినాబీ. ఆ ఒక్క మాటే అని, పొయ్యి దగ్గరికి వెళ్ళి నూనె మూకుడు పెట్టింది.

పకోడీలు వేగాయి. నేల మీద భోజనానికి దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. ట్యూషన్ నుంచి చిన్నకూతురు ఆఫ్రీన్ వచ్చి, అందరి మొహాలూ చూసి, పుస్తకాలు చప్పుడు కాకుండా పెట్టి కూర్చుంది. రవూఫ్‌ని అష్ఫాక్ జబ్బ పట్టుకుని దించబోతే, ఆయన ఆ చెయ్యి వదిలించుకుని ముబీనా భుజం పట్టుకుని దిగాడు. అది అందరూ చూశారు. చూడనట్టు ఖర్జూరాల పళ్ళెం వైపు చూశారు.

మసీదు మైకులో అజాన్ మొదలైంది. ఖర్జూరాలు నోట్లో పెట్టుకున్నారు, నీళ్ళు తాగారు. ఆమినాబీ తాగిన గ్లాసు కింద పెట్టింది. పగలంతా అరిచిన గొంతు ఇప్పుడు నూతి అడుగునుంచి వచ్చినట్టు ప్రశాంతంగా ఉంది. ఆఫ్రీన్‌కి ఉప్పు అందించమని చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

“ఎల్లుండి శుక్రవారం. జుమా నమాజు అయ్యాక నేను మసీదు మెట్ల దగ్గరికి వెళ్తున్నా.”

అష్ఫాక్ చేతిలో పకోడీ ఆగిపోయింది. “మసీదుకా? ఆడవాళ్ళు ఆ వైపు...”

“మెట్లెక్కను. కింద రోడ్డు మీద నించుంటా. రోడ్డు అందరిదీ. జనం బయటికొస్తున్నప్పుడు హజ్రత్‌ని అడుగుతా, గుండె పట్టుకుని పడిపోయినవాడి నోట్లో బిళ్ళ ఊయించమని మీరెప్పుడు చెప్పారని. మాట వీధిలో పడింది. వీధిలోనే తియ్యాలి. ఆయన జవాబేదో మీ నాన్నా వింటాడు, మస్తాన్‌గారూ వింటారు. రోజా ఉండాలో వద్దో ఆ తర్వాత ఎవరికి వాళ్ళు తేల్చుకోండి.”

పళ్ళెంలోంచి ఇంకో ఖర్జూరం తీసి, గింజ వలిచి, రవూఫ్ చేతిలో పెట్టింది. అష్ఫాక్ వైపు చూడకుండానే మిగతా మాట పూర్తిచేసింది.

“నాతో ముబీనా వస్తుంది. కళ్ళారా చూసింది తనే కాబట్టి.”